విండో ఎందుకు బిగుసుకుపోతుంది? పైథాన్ డెస్క్‌టాప్ ప్రోగ్రాములపై పాఠకుల ప్రశ్నలు

పైథాన్‌తో డెస్క్‌టాప్ ప్రోగ్రాములు రాస్తున్న పాఠకుల ఉత్తరాల్లో కొన్నింటికి ఈ సంచికలో సమాధానాలు ఇస్తున్నాను. ఉత్తరాలు వేరువేరు ఊళ్ల నుంచి వచ్చినా వాటిలోని చిక్కులు చాలావరకు ఒకే మూలం నుంచి పుట్టినవే కాబట్టి మొదటి సమాధానాన్ని విపులంగా రాశాను. మిగిలిన వారు కూడా ముందు దాన్ని చదవాలని కోరుతున్నాను. ఆదేశాల పేర్లను, ఎర్రర్లను పలికే తీరులోనే తెలుగు లిపిలో ఇచ్చాను.

ప్రశ్న: మా నాన్నగారి ఎరువుల దుకాణం కోసం, విండోలు, బటన్లు గీసే టూల్‌కిట్ అయిన టికింటర్‌తో బిల్లింగ్ ప్రోగ్రాం రాశాను. లెక్కలన్నీ ఎస్‌క్యూలైట్ డేటాబేసులో ఉంటాయి. ఏడాది అమ్మకాల రిపోర్టు బటన్ నొక్కితే విండో తెల్లబడిపోయి పైన 'నాట్ రెస్పాండింగ్' అని కనిపిస్తుంది, కాసేపటికి దానంతట అదే తేరుకుంటుంది. స్నేహితుడి సలహాతో ఆ పనిని పక్కన విడిగా నడిచే థ్రెడ్‌లో పెట్టాను. ఇప్పుడు ఒకసారి బాగానే నడుస్తుంది, మరోసారి 'మెయిన్ థ్రెడ్ ఈజ్ నాట్ ఇన్ మెయిన్ లూప్' అని ఆగిపోతుంది, ఇంకోసారి ఎస్‌క్యూలైట్ కనెక్షన్‌ను వేరే థ్రెడ్‌లో వాడకూడదని వస్తుంది. ఏం చేయాలి?
- ఒక పాఠకుడు, కరీంనగర్

జవాబు: మామూలు పైథాన్ ప్రోగ్రాంలో ఏ పని తరువాత ఏ పని జరగాలో మీరే నిర్ణయిస్తారు. విండో ఉన్న ప్రోగ్రాంలో మెయిన్‌లూప్‌ను పిలిచిన క్షణం నుంచి ఆ అధికారం టూల్‌కిట్ చేతికి వెళ్లిపోతుంది. మౌస్ క్లిక్కు, కీబోర్డు మీద నొక్కిన అక్షరం, మరో విండో పక్కకు జరిగినప్పుడు తిరిగి గీయవలసిన భాగం, ముందుగా పెట్టిన టైమరు, ఇవన్నీ ఈవెంట్ల రూపంలో ఒక వరుసలో చేరుతాయి. మెయిన్‌లూప్ వాటిని ఒక్కొక్కటిగా తీసుకుని, ఆ ఈవెంటుకు మీరు కట్టిన ఫంక్షన్‌ను పిలిచి, అది ముగిసేదాకా వేచి ఉండి, ఆ తరువాతే ఇంకొకదాని జోలికి వెళ్తుంది. మీ రిపోర్టు ఫంక్షన్‌కు 40 సెకన్లు పడితే ఆ 40 సెకన్లూ విండోను గీసేవారు గానీ క్లిక్కును వినేవారు గానీ ఉండరు. ఒక విండో 5 సెకన్ల పాటు తనకు వచ్చిన సందేశాలను పట్టించుకోకపోతే విండోస్ దాన్ని బిగుసుకుపోయినదిగా లెక్కగట్టి మీరు చూసిన మాటను పైన రాస్తుంది. కాబట్టి ప్రోగ్రాం చెడిపోలేదు. పని చేయకూడని చోట ఎక్కువసేపు పని చేస్తున్నది.

థ్రెడ్ దాకా వెళ్లేముందు ఆ పనికి అంత సమయం ఎందుకు పడుతున్నదో చూడాలి, ఎందుకంటే చిన్న దుకాణం ఏడాది లెక్కలు కూడటానికి ఎస్‌క్యూలైట్‌కు నిజానికి ఒక సెకను కూడా అక్కర లేదు. తేదీని బట్టి వెదుకుతున్నప్పుడు ఆ తేదీ కాలమ్ మీద ఇండెక్స్ ఉందా? బిల్లులన్నీ పైథాన్ లూపులో ఒక్కొక్కటిగా చదివి కూడుతున్నారా, లేక మొత్తం కూడే పనిని ఎస్‌క్యూఎల్ ప్రశ్నకే వదిలారా? సరుకు నిల్వలను ఎక్కించేటప్పుడు ప్రతి వరుసకూ ఒక కమిట్ (మార్పును డేటాబేసులో ఖాయం చేయడం) చేస్తున్నారా? ప్రతి కమిట్‌కూ ఎస్‌క్యూలైట్ ఆ మార్పు డిస్కు మీద నిజంగా చేరిందని నిర్ధారించుకుంటుంది కాబట్టి వెయ్యి వరుసలకు వెయ్యి కమిట్లు పెట్టడానికీ, అన్నింటికీ కలిపి చివర ఒకే కమిట్ పెట్టడానికీ మధ్య వేగంలో హస్తిమశకాంతరం ఉంటుంది. ఒక్కోసారి లెక్క వేగంగానే పూర్తై, వేల వరుసలను ట్రీవ్యూ అనే పట్టికలో నింపడానికే సమయమంతా పోతుంది. అప్పుడు రెండు మూడు వందల వరుసలు నింపి, మిగతావి 'ఆఫ్టర్' పద్ధతితో కొన్ని మిల్లీసెకన్ల తరువాత నింపమని మెయిన్‌లూప్‌కు చెప్పి తిరిగి వచ్చేయడం మేలు. మధ్యలో మెయిన్‌లూప్‌కు ఊపిరి దొరుకుతుంది, విండో కదులుతూనే ఉంటుంది.

ఇవన్నీ సరిచేసినా పని పెద్దదైతే అప్పుడు థ్రెడ్ తప్పదు. దానికి ఒకే నియమం ఉంది, దాన్ని సడలించకూడదు: విండోకు సంబంధించిన దేన్నీ పక్క థ్రెడ్ ముట్టుకోరాదు. లేబుల్ మార్చడం, ప్రోగ్రెస్‌బార్ జరపడం, స్ట్రింగ్‌వార్ విలువ చదవడం, మెసేజ్‌బాక్స్ చూపడం కూడా అందులోకే వస్తాయి. టికింటర్ పక్క థ్రెడ్ నుంచి వచ్చిన పిలుపును లోపల మెయిన్ థ్రెడ్‌కు చేరవేయడానికి ప్రయత్నిస్తుంది గనుక కొన్నిసార్లు పని జరిగిపోతుంది. ఆ సమయంలో మెయిన్‌లూప్ నడుస్తూ లేకపోతే మీరు చెప్పిన ఎర్రర్ వస్తుంది. ఒకసారి నడిచి మరోసారి ఆగడానికి కారణం ఇదే. ఎప్పుడూ రాని ఎర్రర్ కన్నా, ఎప్పుడూ వచ్చే ఎర్రర్ కన్నా, అప్పుడప్పుడు వచ్చే ఈ రకమే ప్రమాదకరం.

సరైన పద్ధతి ఇలా ఉంటుంది. రిపోర్టు బటన్ నొక్కగానే తేదీలను విండో నుంచి చదివి మామూలు పైథాన్ విలువలుగా థ్రెడ్‌కు అందించండి. బటన్‌ను డిజేబుల్ చేయండి. థ్రెడ్ లోపల ఎస్‌క్యూలైట్‌కు కొత్త కనెక్షన్ తెరవండి, ఎందుకంటే ఒక థ్రెడ్‌లో తెరిచిన కనెక్షన్‌ను ఆ థ్రెడ్‌లోనే వాడాలని పైథాన్ మాడ్యూలు సహజంగానే కట్టడి చేస్తుంది. ఆ తనిఖీని ఆపేసే ఆప్షన్ ఒకటి ఉంది గానీ, తాళాలు సొంతంగా నిర్వహించగలిగితే తప్ప దాని జోలికి వెళ్లవద్దు. ఫలితం సిద్ధమైనప్పుడు థ్రెడ్ దాన్ని 'క్యూ' మాడ్యూలులోని క్యూలో పెట్టి ముగిసిపోవాలి. ఇటువైపు ప్రతి 100 మిల్లీసెకన్లకు ఒకసారి 'ఆఫ్టర్' ద్వారా నడిచే చిన్న ఫంక్షన్ ఆ క్యూను వేచి ఉండకుండా తొంగిచూసి, ఏదైనా ఉంటే తీసి తెర మీద చూపి బటన్‌ను మళ్లీ తెరవాలి, లేకపోతే తనను తానే ఇంకో 100 మిల్లీసెకన్ల తరువాతకు పెట్టుకోవాలి. థ్రెడ్‌లో ఎర్రర్ వస్తే దాన్ని కూడా పట్టుకుని ఇదే క్యూలో పంపండి, లేకపోతే బటన్ ఎప్పటికీ మూసుకునే ఉండిపోతుంది.

మూడు జాగ్రత్తలు చెప్పి ముగిస్తాను. లూపు మధ్యలో 'అప్‌డేట్' పిలిస్తే విండో కదులుతుందని చాలామంది సలహా ఇస్తారు. అది ఈవెంట్లన్నింటినీ అక్కడికక్కడే నడిపిస్తుంది, అంటే రిపోర్టు సగంలో ఉండగానే మీ నాన్నగారు అదే బటన్‌ను మళ్లీ నొక్కితే రిపోర్టు లోపల ఇంకో రిపోర్టు మొదలవుతుంది. రెండవది, పని డిస్కుదో నెట్‌వర్కుదో కాక పూర్తిగా పైథాన్ లెక్కలదే అయితే మామూలు పైథాన్‌లో జీఐఎల్ అనే తాళం వల్ల ఒక సమయంలో ఒక థ్రెడ్డే పైథాన్ కోడును నడపగలదు. విండో బిగుసుకోకపోయినా మందకొడిగా కదులుతుంది, అప్పుడు పనిని వేరే ప్రాసెస్‌లో నడిపే మల్టీప్రాసెసింగ్ వాడాలి. మూడవది, విండో మూసేటప్పుడు పెండింగులో ఉన్న 'ఆఫ్టర్' పిలుపును రద్దు చేయండి. లేకపోతే విండో పోయాక ఆ పిలుపు వచ్చి 'ఇన్వాలిడ్ కమాండ్ నేమ్' అనే సందేశం వదులుతుంది.

ప్రశ్న: పాలిటెక్నిక్‌లో టికింటర్ చెబుతున్నాను. ప్రతి ఏడాదీ పిల్లలు మూడు చోట్ల ఆగిపోతారు: బటన్ నొక్కకముందే దాని ఫంక్షన్ నడవడం, ఫంక్షన్‌లో పెట్టిన బొమ్మ తెర మీద కనిపించకపోవడం, 'నన్‌టైప్'కు 'గెట్' లేదనే ఎర్రర్. వారికి గుర్తుండేలా ఎలా చెప్పాలి?
- ఒక అధ్యాపకురాలు, కాకినాడ

జవాబు: మొదటిది మెయిన్‌లూప్ సంగతి అర్థమైతే తీరిపోతుంది. బటన్‌కు 'కమాండ్' ఇచ్చేటప్పుడు ఫంక్షన్ పేరు పక్కన బ్రాకెట్లు పెడితే ఆ క్షణమే దాన్ని పిలిచి, అది ఇచ్చిన ఫలితాన్ని బటన్‌కు కట్టినట్టవుతుంది. మనం ఇవ్వవలసింది ఫంక్షన్‌నే, పిలిచేది మెయిన్‌లూప్. విలువ కూడా పంపాలంటే లాంబ్డా (పేరులేని చిన్న ఫంక్షన్) వాడాలి. లూపులో పది బటన్లు చేసి లాంబ్డా కట్టినప్పుడు పదీ చివరి విలువనే చూపుతాయని పిల్లలు తరువాత మీ దగ్గరకు వస్తారు. లాంబ్డా నడిచేనాటికి లూపు ముగిసి చరరాశిలో చివరి విలువే మిగిలి ఉంటుంది, కాబట్టి ఆ విలువను లాంబ్డా డీఫాల్ట్ ఆర్గ్యుమెంటుగా అప్పటికప్పుడే పట్టుకోవాలి.

బొమ్మ మాయం కావడానికి కారణం వేరు. ఫోటోఇమేజ్ వస్తువును ఫంక్షన్ లోపలి చరరాశిలో పెడితే ఫంక్షన్ ముగియగానే ఆ చరరాశితో పాటు పైథాన్ ఆ వస్తువునూ తీసేస్తుంది. లేబుల్ ఆ బొమ్మ పేరును మాత్రమే ఉంచుకుంటుంది గాని పైథాన్ వస్తువును పట్టి ఉంచదు. బొమ్మను లేబుల్‌కే ఒక ఆట్రిబ్యూటుగా తగిలించండి, లేదా క్లాసులో సెల్ఫ్‌కు అప్పగించండి. బొమ్మ జేపెగ్ అయితే ఈ కారణం వెదకవద్దు, టికింటర్ కింద ఉన్న టీకే 8.6 పీఎన్‌జీ, జిఫ్ రకాలను చదువుతుంది గాని జేపెగ్‌ను చదవదు, దానికి పిల్లో లైబ్రరీ కావాలి.

మూడవది ఒక వరుసలోనే ఉంది. ఎంట్రీని తయారుచేసి అదే వరుసలో 'గ్రిడ్' కూడా పిలిచి ఫలితాన్ని చరరాశిలో పెడుతున్నారు. గ్రిడ్ ఏమీ తిరిగి ఇవ్వదు, కాబట్టి చరరాశిలో 'నన్' కూర్చుంటుంది. రెండు వరుసలుగా రాయించండి. ఈ మూడింటినీ బోర్డు మీద ఇలా చెప్పడం కన్నా, ఎర్రర్ సందేశంలోని చివరి వరుసను పిల్లల చేత గట్టిగా చదివించి, ఆ సందేశంలో చూపిన వరుస సంఖ్య దగ్గరకు వారినే వెళ్లనివ్వడం ఎక్కువ ఫలితం ఇస్తుందని నా అభిప్రాయం.

ప్రశ్న: మా గ్రంథాలయానికి పుస్తకాల జాబితా ప్రోగ్రాం తెలుగులో రాశాము. విండోస్‌లో సరిగా ఉన్న తెలుగు ఉబుంటులో విరిగిపోయి, ఒత్తులు విడివిడిగా కనిపిస్తున్నాయి. ఫాంట్లు ఎన్ని మార్చినా ఫలితం లేదు. అలాగే వెదికినప్పుడు కొన్ని పేర్లు జాబితాలో ఉన్నా దొరకడం లేదు.
- ఒక పాఠకుడు, రాజమహేంద్రవరం

జవాబు: ఈ ప్రశ్న ఇంకా ఎక్కువమంది అడగాలని కోరుకుంటాను, ఎందుకంటే తెలుగులో ప్రోగ్రాములు రాయాలనుకునే ప్రతివారూ ఈ గోడ దగ్గరకు వస్తారు, చాలామంది అక్కడి నుంచే ఇంగ్లీషు అక్షరాలకు తిరిగి వెళ్లిపోతారు.

తప్పు ఫాంటుది కాదు. 'స్త్రీ' అనే మాటను కంప్యూటరు ఆరు యూనికోడ్ గుర్తులుగా దాచుకుంటుంది: స, పొల్లు, త, పొల్లు, ర, దీర్ఘ ఈకారపు గుర్తు. ఆ ఆరింటిని కలిపి ఒక్క అక్షరంగా, తకార రకారాలను ఒత్తులుగా దించి, గుడి దీర్ఘాన్ని తలకట్టు స్థానంలో చేర్చి గీయాలంటే ఫాంటు లోపల ఉన్న నియమాలను చదివి అమలు చేసే ఒక పొర కావాలి. విండోస్‌లో ఆ పనిని ఆపరేటింగ్ సిస్టమే చేస్తుంది. లినక్సులో టీకే 8.6 అక్షరాలను ఎక్స్ఎఫ్‌టీ అనే లైబ్రరీ ద్వారా గీస్తుంది. అది ఒక్కో గుర్తుకు ఫాంటులో ఉన్న రూపాన్ని తెచ్చి పక్కపక్కన పెడుతుంది తప్ప ఆ నియమాలను చదవదు. అందుకే నోటో సాన్స్ తెలుగు పెట్టినా, లోహిత్ పెట్టినా, పోతన పెట్టినా ఒత్తులు విడిపోతాయి. మీరు ఫాంట్ల మీద ఇంకా సమయం వెచ్చించవద్దు.

క్యూటీ, జీటీకే అనే వేరే టూల్‌కిట్లు రెండూ అక్షరాలను పేర్చడానికి హార్ఫ్‌బజ్ అనే లైబ్రరీని ఉపయోగిస్తాయి, కాబట్టి వాటిలో తెలుగు అన్ని వేదికల మీదా సవ్యంగా వస్తుంది. తెలుగే ప్రధానమైన ప్రోగ్రాం, అది లినక్సు మీద కూడా నడవాలి అంటే టికింటర్‌ను వదిలి, క్యూటీకి పైథాన్ రూపాలైన పైసైడ్‌కు గాని పైక్యూటీకి గాని మారడమే నా స్పష్టమైన సలహా. డేటాబేసు కోడును విండో కోడుతో కలపకుండా విడిగా రాసి ఉంటే మార్పు మీరు అనుకున్నంత కష్టం కాదు. శీర్షికలు, బటన్ల పేర్లు మాత్రమే తెలుగులో ఉంటే వాటిని పిల్లో లైబ్రరీతో బొమ్మలుగా గీయించి పెట్టే మార్గమూ ఉంది. అయితే పిల్లోలో రాక్మ్ అనే లేఅవుట్ ఇంజిన్ ఉంటేనే ఒత్తులు సరిగా వస్తాయి, అది ఉందో లేదో పిల్లో 'ఫీచర్స్' మాడ్యూలులోని 'చెక్'తో తెలుస్తుంది. టైపు చేసే పెట్టెలకు ఈ కిటుకు పనికిరాదు.

క్యూటీకి మారాక ఫాంటు ఫైలును ప్రోగ్రాంతో పాటే పంపి, మొదట్లోనే క్యూఫాంట్‌డేటాబేస్ ద్వారా చేర్చండి. అప్పుడు ఎదుటివారి కంప్యూటరులో తెలుగు ఫాంటు ఉందా లేదా అనే చింత ఉండదు. వరుసల ఎత్తును పిక్సెళ్లలో బిగించకండి. ఇంగ్లీషు అక్షరాలకు సరిపోయే ఎత్తులో మన ఒత్తులు కింద కోసుకుపోతాయి. ఎత్తును లేఅవుట్‌కే వదిలేయండి.

వెదుకులాట సంగతికి వస్తే, దానికి సాధారణంగా కారణం కంటికి కనిపించని ఒక గుర్తు. 'శ్రీనివాస్‌రావు' అని రాసేటప్పుడు సకారానికి రకారం ఒత్తుగా చేరకుండా ఉండటానికి మధ్యలో జీరో విడ్త్ నాన్ జాయినర్ అనే గుర్తు పెడతాము. ఒకరు దానితో, మరొకరు దాని స్థానంలో ఖాళీతో, ఇంకొకరు 'శ్రీనివాసరావు' అనీ ఎక్కిస్తే కంప్యూటరుకు అవి మూడు వేరు పేర్లు. ప్రతి పుస్తకానికీ చూపే పేరు ఒకటి, వెదికే పేరు ఒకటి అని రెండు కాలమ్‌లు పెట్టి, వెదికే పేరు నుంచి ఆ గుర్తునూ ఖాళీలనూ తీసేసి, పొల్లు సకారాన్ని మామూలు సకారంగా మార్చడం వంటి నియమాలు మీ జాబితాను చూసి మీరే రాసుకోవాలి. వెదికేవారు టైపు చేసిన మాటకు కూడా అవే నియమాలు వర్తింపజేయాలి. పేరు పొడవును 'లెన్'తో కొలిచి పరిమితి పెడితే 'స్త్రీ'కి 6 వస్తుందని గుర్తుంచుకోండి.

జాబితాను ఫైలులో రాసేటప్పుడు ఎన్‌కోడింగ్ యూటీఎఫ్-8 అని స్పష్టంగా ఇవ్వండి. ఇవ్వకపోతే విండోస్ తన పాత కోడ్‌పేజీని వాడి, 'చార్‌మ్యాప్' కోడెక్ రాయలేకపోయిందనే ఎర్రర్ ఇస్తుంది. ఎక్సెల్‌లో తెరవవలసిన సీఎస్‌వీ అయితే 'యూటీఎఫ్-8-సిగ్' వాడండి, లేకపోతే తెలుగు అంతా పిచ్చి గుర్తులుగా కనిపిస్తుంది.

ప్రశ్న: బీటెక్ చివరి సంవత్సరం ప్రాజెక్టును తరువాత అమ్మాలనే ఆలోచన కూడా ఉంది. టికింటర్, పైక్యూటీ, పైసైడ్, డబ్ల్యూఎక్స్‌పైథాన్ వీటిలో దేన్ని ఎంచుకోవాలి?
- ఒక విద్యార్థి, గుంటూరు

జవాబు: అమ్మే ఆలోచన ఉంది కాబట్టి లైసెన్సు నుంచి మొదలుపెట్టండి. క్యూటీ 1995లో నార్వేకు చెందిన ట్రోల్‌టెక్ సంస్థ నుంచి వెలువడింది. దానికి పైథాన్ రూపమైన పైక్యూటీని రివర్‌బ్యాంక్ కంప్యూటింగ్ అందిస్తున్నది. అది జీపీఎల్ కింద గాని, డబ్బు చెల్లించే వాణిజ్య లైసెన్సు కింద గాని దొరుకుతుంది. జీపీఎల్ కింద తీసుకుని మీ ప్రోగ్రాంను ఇతరులకు ఇస్తే మీ సోర్సు కోడును కూడా అదే షరతుల మీద ఇవ్వాలి. క్యూటీని 2008లో కొనుగోలు చేసిన నోకియా మరుసటి ఏడాది పైసైడ్‌ను ఎల్‌జీపీఎల్ కింద విడుదల చేసింది. ఇప్పుడు దాన్ని క్యూటీ సంస్థే నిర్వహిస్తున్నది. ఎల్‌జీపీఎల్ షరతులు పాటిస్తూ మీ సొంత కోడును మూసి ఉంచుకుని అమ్మవచ్చు. రెండింటి కోడూ దాదాపు ఒకేలా ఉంటుంది కనుక, మీ పరిస్థితిలో నేనైతే పైసైడ్ 6ను ఎంచుకుంటాను.

టికింటర్ పైథాన్‌తో పాటే వస్తుంది, లైసెన్సు చిక్కు లేదు, చిన్న ఉపకరణాలకు ఎంతో బాగుంటుంది. దాని కింద ఉన్న టీకేను జాన్ ఔస్టర్‌హౌట్ బర్క్‌లీలో ఉన్నప్పుడు తయారుచేశారు. పాతకాలపు రూపం ఉందని దాన్ని తీసిపారేసేవారు టీటీకే అనే కొత్త రూపపు విడ్జెట్లను చూడలేదని నా అనుమానం. డబ్ల్యూఎక్స్‌పైథాన్ ఆయా ఆపరేటింగ్ సిస్టముల సొంత బటన్లు, మెనూలనే వాడుతుంది కనుక విండోస్‌లో విండోస్‌లాగా, మ్యాక్‌లో మ్యాక్‌లాగా కనిపిస్తుంది; అయితే లినక్సులో పిప్‌తో పెట్టేటప్పుడు తరచుగా సోర్సు నుంచే బిల్డ్ చేయవలసి వస్తుంది.

క్యూటీ మీద పాత పాఠాలు చూసి నేర్చుకుంటుంటే ఒక హెచ్చరిక. 2020 డిసెంబరులో వచ్చిన 6వ వెర్షన్ తరువాత చాలా పేర్లు మారాయి. పైక్యూటీ 6లో మధ్యకు జరపమనే స్థిరాంకాన్ని 'అలైన్‌మెంట్‌ఫ్లాగ్' అనే పూర్తి పేరుతోనే పిలవాలి, చివర అడుగుగీత ఉన్న పాత 'ఎగ్జెక్' లేదు. ఆట్రిబ్యూట్ లేదనే ఎర్రర్ వస్తే ముందు ఆ పాఠం ఏ వెర్షన్‌కు రాసినదో చూడండి.

ప్రశ్న: ఉబుంటు మీద ఓపెన్‌సీవీ అనే చిత్రాల లైబ్రరీతో కెమెరా దృశ్యాన్ని పైక్యూటీ 5 విండోలో చూపిస్తున్నాను. ప్రోగ్రాం మొదలవగానే 'ఎక్స్‌సీబీ' ప్లగిన్ కనపడినా లోడ్ కాలేదని చెప్పి ఆగిపోతుంది. వేరే కంప్యూటరులో నడిచింది గాని చిత్రం ఏటవాలుగా, రంగులు తారుమారుగా వచ్చింది.
- ఒక పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: లినక్సులో పిప్ ద్వారా వచ్చే ఓపెన్‌సీవీ ప్యాకేజీ తన సొంత విండోలు చూపడానికి తన వెంట క్యూటీ ప్లగిన్లను కూడా తెచ్చుకుంటుంది, ప్లగిన్ల దారిని తన ఫోల్డరు వైపు తిప్పుతుంది. పైక్యూటీ ఆ దారిన వెళ్లి తనకు సరిపడని ప్లగిన్‌ను పట్టుకోవడం వల్ల ఈ ఎర్రర్ వస్తుంది. మీకు ఓపెన్‌సీవీ విండోలతో పని లేదు కాబట్టి ఆ ప్యాకేజీని పూర్తిగా తీసేసి, 'ఓపెన్‌సీవీ-పైథాన్-హెడ్‌లెస్' పెట్టుకోండి. రెండూ ఒకే ఫోల్డరును పంచుకుంటాయి కనుక ఒకదాని మీద ఒకటి పెట్టకూడదు. ఓపెన్‌సీవీ లేకుండానే ఇదే ఎర్రర్ వస్తే ఏదో సిస్టమ్ లైబ్రరీ లోపించిందని అర్థం, క్యూటీ 6.5 నుంచి 'లిబ్ ఎక్స్‌సీబీ కర్సర్ 0' తప్పనిసరి. 'క్యూటీ డీబగ్ ప్లగిన్స్' అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌కు 1 ఇచ్చి నడిపితే ఏ ఫైలు దొరకలేదో అదే చెబుతుంది, ఊహించనవసరం లేదు.

రంగులు తారుమారు కావడానికి కారణం ఓపెన్‌సీవీ నీలం, ఆకుపచ్చ, ఎరుపు అనే వరుసలో పిక్సెళ్లను ఉంచడమే; క్యూఇమేజ్‌కు ఇచ్చేముందు మార్చండి. ఏటవాలుకు కారణం ప్రతి అడ్డువరుస పొడవును బైట్లలో చెప్పకపోవడం. చెప్పకపోతే క్యూఇమేజ్ ప్రతి వరుసా 4 బైట్ల హద్దు మీద మొదలవుతుందని భావిస్తుంది, వెడల్పు దానికి సరిపడకపోతే ప్రతి వరుసా కొంచెం జరుగుతుంది. మరొక సంగతి కూడా చూసుకోండి: క్యూఇమేజ్ మీరిచ్చిన నంపై అర్రేను కాపీ చేసుకోదు. ఆ అర్రే మాయమైనా, దాని మీద కొత్త ఫ్రేము రాసినా చిత్రం చెదరవచ్చు, ప్రోగ్రాం కూలవచ్చు. 'కాపీ' పిలిచి ఆ ప్రతినే ఇవ్వండి. కెమెరాను క్యూథ్రెడ్‌లో చదివి, ఆ ప్రతిని సిగ్నల్ ద్వారా విండోకు పంపండి. సిగ్నల్ థ్రెడ్ల మధ్య దాటినప్పుడు క్యూటీయే దాన్ని మెయిన్ థ్రెడ్ వరుసలో చేరుస్తుంది. మొదటి జవాబులో టికింటర్ కోసం చేతితో కట్టిన క్యూ ఇక్కడ సిద్ధంగా దొరుకుతుంది.

ప్రశ్న: డల్లాస్‌లో మా పిల్లల తెలుగు తరగతికి పైక్యూటీతో పదాల ఆట తయారుచేసి పైఇన్‌స్టాలర్‌తో ఒకే ఫైలుగా చేశాను. నా కంప్యూటరులో బాగుంది. ఇతరుల దగ్గర బొమ్మలు కనిపించవు, మార్కులు మరుసటి రోజుకు ఉండవు, కొందరికి విండో వచ్చి మాయమవుతుంది. ఇండియాలో మా అన్నయ్య విండోస్ 7 కంప్యూటరులో అసలు తెరుచుకోలేదు.
- ఒక పాఠకురాలు, అమెరికా

జవాబు: ఒకే ఫైలుగా చేసిన ప్రోగ్రాం నడిచిన ప్రతిసారీ తనలో ఉన్నదంతా ఒక తాత్కాలిక ఫోల్డరులోకి విప్పుకుని, ముగియగానే ఆ ఫోల్డరును తుడిచేస్తుంది. బొమ్మలను బిల్డ్ సమయంలో 'యాడ్-డేటా' ద్వారా లోపల చేర్చి, వాటి దారిని ప్రోగ్రాం నడుస్తున్న ఫోల్డరు నుంచి కాక కోడు ఫైలు ఉన్న చోటు నుంచి లెక్కించండి. మార్కులను కూడా ఆ తాత్కాలిక ఫోల్డరులోనే రాస్తుండటం వల్ల అవి తుడిచిపెట్టుకుపోతున్నాయి. క్యూస్టాండర్డ్‌పాత్స్‌ను అడిగితే వాడుకరి డేటా ఉంచవలసిన చోటు చెబుతుంది. ఫోల్డరు లేకపోతే సృష్టించి అక్కడ రాయండి. కరీంనగర్ పాఠకుడు కూడా దీన్ని గమనించాలి: బిల్లుల డేటాబేసు ఇలా పోతే తిరిగి రాదు.

విండో వచ్చి మాయమయ్యే సంగతి: పైక్యూటీ 5.5 నుంచి, స్లాట్‌లో (సిగ్నల్‌కు కట్టిన ఫంక్షన్‌లో) ఎవరూ పట్టుకోని ఎర్రర్ వస్తే ప్రోగ్రాం మొత్తాన్ని ఆపివేస్తుంది. కన్సోల్ లేకుండా బిల్డ్ చేయడం వల్ల ఆ ఎర్రర్ రాసే చోటు కూడా లేదు. ముందు కన్సోల్‌తో బిల్డ్ చేసి, కమాండ్ ప్రాంప్ట్ నుంచి నడిపి సందేశం చదవండి. తరువాత 'సిస్ ఎక్సెప్ట్‌హుక్'లో మీ ఫంక్షన్ పెట్టి ఎర్రర్ పూర్తి వివరాన్ని ఒక లాగ్ ఫైలుకు రాయించండి. తల్లిదండ్రులు ఆ ఫైలును మీకు పంపగలరు. పైథాన్ ఎర్రర్ ఏదీ లేకుండా కూలితే 'ఫాల్ట్‌హ్యాండ్లర్' మాడ్యూలును ఆ ఫైలుకు కట్టండి. మల్టీప్రాసెసింగ్ వాడి ఉంటే మొదట్లోనే 'ఫ్రీజ్ సపోర్ట్' పిలవాలి, లేకపోతే ఒక విండోకు బదులు విండోలు పుట్టుకొస్తూనే ఉంటాయి. యాంటీవైరస్ ఒకే ఫైలు రూపాన్ని అనుమానించడం కూడా మామూలే. అందువల్ల ఫోల్డరు రూపంలో బిల్డ్ చేసి జిప్ చేసి పంపమంటాను. త్వరగా తెరుచుకుంటుంది కూడా.

మీ అన్నయ్యగారి కంప్యూటరుకు వేరే బిల్డ్ కావాలి. పైథాన్ 3.9 నుంచి విండోస్ 7 మీద నడవదు, క్యూటీ 6కు విండోస్ 10 అయినా ఉండాలి. పైథాన్ 3.8, పైక్యూటీ 5.15 జోడీతో, ఆ కంప్యూటరు 32 బిట్లదైతే 32 బిట్ల పైథాన్‌తో, వేరే వర్చువల్ ఎన్విరాన్‌మెంటులో బిల్డ్ చేసి పంపండి. పైఇన్‌స్టాలర్ తాను నడిచిన ఆపరేటింగ్ సిస్టముకే ప్రోగ్రాం తయారుచేస్తుంది కాబట్టి తరగతిలో ఎవరికైనా మ్యాక్ ఉంటే దాని బిల్డును మ్యాక్ మీదే చేయవలసి ఉంటుంది.